వలసలను పొరుగు దేశంలోనే ఆపడం: గోదావరి జిల్లాల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

రాజోలు, మలికిపురం, అమలాపురం, పాలకొల్లు, నరసాపురం వైపుల నుంచి గల్ఫ్‌కీ యూరప్‌కీ అమెరికాకీ వెళ్ళే వాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు అడిగే ప్రశ్నలివి. నిబంధనలు తరచూ మారతాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఆ దేశపు ఎంబసీ సైటు ఒకసారి చూసుకోండి.

సరిహద్దు కాపలాను ఇంకో దేశానికి అప్పగించడం ఏమిటండీ? సరిహద్దు ఎక్కడుంటే కాపలా అక్కడే కదా?

శివారు ఆయకట్టు రైతుకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అతని చేనికి నీళ్ళు ఆగేది అతని గట్టు దగ్గర కాదు. పైన ఏ లాకు దగ్గరో, ధవళేశ్వరం హెడ్ స్లూయిస్ దగ్గరో తలుపు దించితే ఇక్కడ బోదె ఎండిపోతుంది. దించినవాడు కనపడడు, అడగబోతే ‘పైనుంచి ఆర్డరు’ అంటారు.

ధనిక దేశాలు వలసల విషయంలో చేస్తున్నదీ అదే. గుమ్మం దాకా వచ్చిన మనిషికి అక్కడి చట్టం కొన్ని హక్కులు ఇస్తుంది. లాయరుని పెట్టుకోవచ్చు, శరణు అడగొచ్చు, కాదంటే కోర్టుకి వెళ్ళొచ్చు. గుమ్మం దాకా రానివ్వకపోతే ఆ గొడవే లేదు. అందుకని దారిలో ఉన్న దేశానికి డబ్బో పడవలో వీసా సడలింపో ఇచ్చి, అక్కడే ఆపమంటాయి. టర్కీ, లిబియా, ట్యునీషియా, మెక్సికోలతో జరిగింది ఇదే. రెండో పద్ధతిలో, వచ్చినవాళ్ళని ఎత్తి మూడో దేశంలో పెడతారు. నౌరూ, రువాండా, అల్బేనియా ఈ కోవలోవి. మూడో పద్ధతిలో కాపలా ప్రైవేటు వాళ్ళ చేతికి వస్తుంది: ఎయిర్‌లైన్లు, వీసా కేంద్రాలు, మెడికల్ సెంటర్లు. పత్రికల్లో మొదటి రెండే కనిపిస్తాయి గానీ, మన వాళ్ళకి రోజూ తగిలేది మూడోదే.

మాకు ఎక్కడ తగులుతుంది? మేం పడవలెక్కి వెళ్ళే వాళ్ళం కాదు కదా.

గామ్కా మెడికల్ సంగతే చూడండి. ఇప్పుడు దాన్ని వఫీద్ అంటున్నారు. కువైట్‌కో సౌదీకో పనికి వెళ్ళే మనిషిని ఆ దేశం తన ఎయిర్‌పోర్టులో కాదు, మన దేశంలోని ల్యాబులో పరీక్షిస్తుంది. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి రక్త పరీక్షలు చేస్తారు, ఆడవాళ్ళకి గర్భ పరీక్ష చేస్తారు. ఎప్పుడో టీబీ వచ్చి పూర్తిగా తగ్గినా, ఊపిరితిత్తి మీద మచ్చ ఎక్స్‌రేలో కనిపిస్తే ‘అన్‌ఫిట్’ పడుతుంది. ఆ ఫలితం ఆన్‌లైన్‌లో గల్ఫ్ దేశాలకి కనిపిస్తుంది, కాబట్టి కువైట్ కాకపోతే ఖతార్ అని మార్చుకున్నా లాభం లేదు. అందుకే అసలు మెడికల్‌కి ముందు, ఏజెంటుకి పైసా ఇవ్వకముందు, ఊళ్ళోనే ఒక ఎక్స్‌రే తీయించి డాక్టరుకి చూపించుకోండి. అప్పు చేసి కట్టాక తెలిసే కన్నా ఆ కొద్ది ఖర్చు నయం.

యూరప్ వీసా అయితే దరఖాస్తు తీసుకునేది ఎంబసీ కాదు, వీఎఫ్ఎస్ లాంటి ప్రైవేటు కేంద్రం. కాగితాలు తీసుకోవడం, వేలిముద్రలు వేయించడం వరకే వాళ్ళ పని. ఇవ్వాలా వద్దా అన్నది ఎంబసీ తేలుస్తుంది. ‘కౌంటర్లో మనవాడున్నాడు, చూసుకుంటాడు’ అని ఎవరైనా డబ్బడిగితే అది అబద్ధం. షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరే. వీసా రాకపోయినా ఫీజు తిరిగి రాదు. తిరస్కరిస్తే కారణం టిక్ పెట్టిన ముద్రిత కాగితం ఇస్తారు. అప్పీలు ఎక్కడ చేయాలో అందులోనే ఉంటుంది, పారేయకండి. ఆ రికార్డు అయిదేళ్ళ దాకా వాళ్ళ కంప్యూటర్లో ఉంటుంది, కాబట్టి ఇంకో షెంగెన్ దేశానికి వేసేటప్పుడు ‘ఇంతకు ముందు రిజెక్ట్ కాలేదు’ అని రాస్తే దొరికిపోతారు.

వీసా ఉంది, టికెట్ ఉంది. అయినా ఎయిర్‌లైన్ కౌంటర్లో అమ్మాయి ఎందుకు ఆపేసింది?

ఆ అమ్మాయి చేతిలో సరిహద్దు పెట్టారు కాబట్టి. సరైన కాగితాలు లేని ప్రయాణికుణ్ణి తీసుకొస్తే ఎయిర్‌లైన్‌కి జరిమానా పడుతుంది. యూరోపియన్ యూనియన్ 2001 నాటి ఆదేశం ప్రకారం సభ్య దేశాలు ఒక్కో మనిషికి కనీసం 3,000 యూరోలు వేయాలి, లేదా గరిష్ఠ జరిమానాని 5,000 యూరోలకి తగ్గకుండా పెట్టుకోవాలి. బ్రిటన్‌లో మనిషికి 2,000 పౌండ్లు. దీనికి తోడు వెనక్కి పంపే ఖర్చూ కంపెనీదే. కౌంటర్లో వాళ్ళు మీ పాస్‌పోర్టు వివరాలు, వెళ్ళే దేశం, మధ్యలో ఆగే దేశం టిమాటిక్ అనే డేటాబేసులో కొడతారు. తెర మీద అనుమానం వస్తే ఆపడమే వాళ్ళకి క్షేమం. పొరపాటున ఆపితే కంపెనీకి పెద్ద నష్టం లేదు, పొరపాటున ఎక్కిస్తే జరిమానా. ఈ లెక్క తెలిస్తే వాళ్ళ ప్రవర్తన అర్థమవుతుంది.

ఎక్కువగా పట్టుకునేవి ఇవి. పాస్‌పోర్టు గడువు ఆరు నెలల కన్నా తక్కువ ఉండటం. వీసాలో పేరుకీ పాస్‌పోర్టులో పేరుకీ ఒక అక్షరం తేడా రావడం. మన వాళ్ళకి ఇంటిపేరు పెద్ద చిక్కు: కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. 2022 నవంబర్‌లో యూఏఈ, ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానివ్వనంది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే చాలని తర్వాత సడలించింది. అయినా రెండు గడులూ నిండిన పాస్‌పోర్టు తీసుకోవడమే మంచిది.

ఇంకొకటి, చవకని రెండు కంపెనీల టికెట్లు విడివిడిగా కొనడం. అలా కొంటే మధ్యలో సామాను దింపుకుని మళ్ళీ చెకిన్ చేయాలి. దానికి ఆ దేశంలోకి అడుగు పెట్టాలి, అంటే ఆ దేశపు వీసా కావాలి. ఒకే టికెట్ మీద వెళ్ళినా, ఎయిర్‌పోర్టు దాటకపోయినా, కొన్ని దేశాలు భారతీయులని ట్రాన్సిట్ వీసా అడుగుతాయి. టికెట్ కొట్టించే ముందే చూసుకోండి.

కౌంటర్ దాటాక మన ఇమిగ్రేషన్ వాళ్ళు ఆపితే అది వేరే సంగతి, దాన్ని ఆఫ్‌లోడ్ అంటారు. కారణం రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి, బోర్డింగ్ పాస్ దాచుకోండి. టికెట్ డబ్బు కోసం ఎయిర్‌లైన్‌తోనో ఏజెంటుతోనో మాట్లాడాలంటే ఆ రెండూ కావాలి.

ఈ పద్ధతి ఎప్పుడు మొదలైంది?

1981లో అమెరికా హైతీతో ఒప్పందం చేసుకుని, సముద్రం మీదే పడవలని ఆపి వెనక్కి పంపడం మొదలుపెట్టింది. అది తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. శరణార్థుల చట్టం తమ నేల మీదికి వచ్చాకే వర్తిస్తుందన్నది దాని సారం. 2001 ఆగస్టులో టాంపా అనే నార్వే ఓడ సముద్రంలో 433 మందిని కాపాడితే, ఆస్ట్రేలియా వాళ్ళని తన ఒడ్డుకి రానివ్వలేదు. అక్కడి నుంచి, వచ్చినవాళ్ళని నౌరూ, పాపువా న్యూగినీలకి తరలించే కథ మొదలైంది.

మన వైపు ఇంకో కోణం ఉంది. తాతల కాలంలో కాకినాడ, కోరంగిల నుంచి ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళేవాళ్ళకి వీసా గొడవ లేదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. అక్కడి వాళ్ళు తెలుగు కూలీలని కోరంగీలనే పిలిచేవారు.

ఒక్కో దేశానికి ఎంత ఇస్తారు?

యూరోపియన్ యూనియన్ ఇచ్చినవి ముందు చూడండి: 2016 మార్చి 18 నాటి ఒప్పందంతో టర్కీకి 600 కోట్ల యూరోలు, సిరియా శరణార్థుల పేరు మీద. 2023 జులైలో ట్యునీషియాకి వలసల కిందే 10.5 కోట్ల యూరోలు. 2024లో మారిటేనియాకి 21 కోట్ల యూరోలు. 2024 జులైలో అమెరికా పనామాకి వెనక్కి పంపే విమానాల కోసం 60 లక్షల డాలర్లు ఇస్తానంది. ఆ డబ్బుతో ఎగిరిన ఒక విమానంలో ఆ సెప్టెంబర్‌లో 130 మంది భారతీయులు తిరిగొచ్చారు. 2025లో నౌరూకి ఆస్ట్రేలియా మొదట 40.8 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు, తర్వాత ఏటా 7 కోట్లు ఇవ్వడానికి ఒప్పుకుంది.

బ్రిటన్ చేసింది మరీ విడ్డూరం. 2022 ఏప్రిల్‌లో రువాండాతో ఒప్పందం చేసుకుని, 2024 జులైలో కొత్త ప్రభుత్వం రద్దు చేసే నాటికి 70 కోట్ల పౌండ్లు ఖర్చయిందని అక్కడి హోంమంత్రే పార్లమెంటులో చెప్పారు. వెళ్ళింది నలుగురు, వాళ్ళూ ఇష్టపడి వెళ్ళినవాళ్ళే. మనిషికి 17.5 కోట్ల పౌండ్లు పడింది.

డబ్బు తీసుకున్న దేశం మాట తప్పితే?

తప్పనక్కర్లేదు, తలుపు కాస్త తీస్తే చాలు. 2020 ఫిబ్రవరి చివర టర్కీ ‘మేం ఇక ఆపం’ అనగానే గ్రీసు సరిహద్దు దగ్గరికి వేలమంది చేరారు. 2021 మేలో స్పెయిన్‌తో తగాదా వచ్చినప్పుడు మొరాకో కాపలా సడలించింది, రెండు రోజుల్లో సుమారు 8,000 మంది మొరాకోని ఆనుకుని ఉన్న స్పెయిన్ ఊరు సియుటాలోకి వెళ్ళారు. లాకు తాళం ఎవరి చేతిలో ఉంటే బేరం వాళ్ళదే.

దీనివల్ల వలస తగ్గుతుందా?

ఆ ఒక్క దారిలో తగ్గుతుంది. 2015లో సముద్రం మీదుగా గ్రీసుకి 8.5 లక్షల మందికి పైగా వచ్చారు, 2016లో 1.73 లక్షలే. ట్యునీషియా ఒప్పందం తర్వాత ఇటలీకి వచ్చేవాళ్ళు 2023లో 1.57 లక్షల నుంచి 2024లో 66 వేలకి దిగారు. అదే 2024లో అట్లాంటిక్ మీదుగా స్పెయిన్‌కి చెందిన కానరీ దీవులకి రికార్డుగా 46,843 మంది చేరారు. ఒక కాలవ కడితే ఇంకో గండి పడుతుంది, కొత్త గండి సాధారణంగా ఇంకా లోతు. దళారీ రేటూ పెరుగుతుంది. ఆగినవాళ్ళు ఏమయ్యారన్నది ఈ అంకెల్లో రాదు. లిబియాలో వలసదారుల మీద మానవాళికి వ్యతిరేకమైన నేరాలు జరిగాయని నమ్మడానికి ఆధారాలున్నాయని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2023 మార్చిలో చెప్పింది. ఇటలీ 2017లో లిబియాతో చేసుకున్న ఒప్పందం ఆ తర్వాత కూడా కొనసాగింది.

కోర్టులు ఊరుకుంటున్నాయా?

లేదు, కానీ ఆలస్యం. 2009లో ఇటలీ సముద్రం మీద పట్టి లిబియాకి అప్పగించిన వాళ్ళలో 24 మంది సోమాలియా, ఎరిట్రియా వాళ్ళు కేసు వేస్తే, 2012లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఇటలీదే తప్పంది. మనిషికి 15,000 యూరోలు ఇమ్మంది. ఆ తీర్పు తర్వాత తమ ఓడలు ముట్టుకోకుండా లిబియా కోస్ట్‌గార్డుకి పడవలు, శిక్షణ ఇచ్చే పద్ధతి బలపడింది. మనిషి తమ చేతిలో పడకపోతే బాధ్యతా పడదని లెక్క. 2016లో పాపువా న్యూగినీ సుప్రీంకోర్టు ఆస్ట్రేలియా పంపినవాళ్ళని తమ మనుస్ దీవిలో నిర్బంధించడం చట్టవిరుద్ధమంది. 2023 నవంబర్ 15న బ్రిటన్ సుప్రీంకోర్టు రువాండా పథకాన్ని కొట్టేసింది. ఇటలీ 2024 అక్టోబర్‌లో పదిమంది బంగ్లాదేశీలని, ఆరుగురు ఈజిప్టు వాళ్ళని అల్బేనియా కేంద్రానికి తీసుకెళ్ళింది. అందులో నలుగురిని వెంటనే తిరిగి తేవాల్సి వచ్చింది, మిగతా వాళ్ళ నిర్బంధాన్ని రోమ్ కోర్టు ఒప్పుకోలేదు.

‘సురక్షిత దేశం’ జాబితాలో ఇండియా ఉందంటున్నారు. మంచిదే కదా?

టూరిస్టుకి మంచిదే. శరణు అడిగేవాడికి కాదు. బ్రిటన్ 2023 నవంబర్‌లో భారత్‌ని, జార్జియాని సురక్షిత దేశాల్లో చేరుస్తున్నట్టు ప్రకటించింది. యూరోపియన్ కమిషన్ 2025 ఏప్రిల్‌లో ప్రతిపాదించిన ఉమ్మడి జాబితాలో బంగ్లాదేశ్, ఈజిప్ట్, ట్యునీషియా, మొరాకోలతో పాటు భారత్ ఉంది. ఈ జాబితాలో ఉన్న దేశం వాళ్ళ దరఖాస్తుని వేగంగా తేలుస్తారు. ‘మీ దేశంలో మీకొక్కరికి ఏం ప్రమాదం’ అన్నది ఆధారాలతో మీరే చూపించాలి. ‘అక్కడ దిగి శరణు అనండి, రెండేళ్ళు పని చేసుకోవచ్చు’ అని ఏజెంటు చెప్పే మాట పాత కాలం నాటిది. ఏజెంటు రాసిచ్చిన ఒకే కథని పదిమంది చెబితే అధికారికి మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్ళ కేసుకి కూడా అది చేటు చేస్తుంది.

మా తమ్ముణ్ణి ‘వీసా లేకుండా మధ్య దేశం దాకా, అక్కణ్ణుంచి లోపలికి’ తీసుకెళ్తానంటున్నాడు ఏజెంటు. డంకీ దారి ఇదేనా?

ఇదే. ఇది ఎక్కడ తెగుతుందో చూడండి.

సెర్బియా భారతీయులకి 30 రోజులు వీసా లేకుండా రానిచ్చేది. అక్కడి నుంచి యూరప్‌లోకి నడిచి వెళ్ళిపోతున్నారని యూరోపియన్ యూనియన్ ఒత్తిడి పెట్టాక, 2023 జనవరి 1 నుంచి ఆ సౌకర్యం తీసేసింది. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడోర్ 2023 అక్టోబర్ నుంచి భారత్, ఆఫ్రికా దేశాల ప్రయాణికుల మీద పన్నుతో కలిపి 1,130 డాలర్ల ఫీజు పెట్టింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఫుజైరా నుంచి నికరాగువా వెళ్తున్న చార్టర్ విమానం ఇంధనం కోసం ఫ్రాన్స్‌లోని వాట్రీలో దిగితే అక్కడే ఆపేశారు. అందులో 303 మంది, ఎక్కువ మంది భారతీయులే. 276 మంది నాలుగైదు రోజులకి ముంబై వచ్చారు. డబ్బు మాత్రం దారిలోనే పోయింది.

2025 ఫిబ్రవరిలో ఇంకో అడుగు పడింది. అమెరికా తను పట్టుకున్న వాళ్ళని వాళ్ళ సొంత దేశానికి కాకుండా మూడో దేశానికి పంపడం మొదలుపెట్టింది. పనామాకి 299 మందిని, కోస్టారికాకి 200 మందిని పంపింది. వాళ్ళలో భారతీయులూ ఉన్నారు. పనామాలో వాళ్ళని హోటల్లో పెట్టి బయటికి రానివ్వలేదు. ఇంటికి వెళ్ళడానికి ఒప్పుకోని వాళ్ళని డారియెన్ అడవి దగ్గరి శిబిరానికి తరలించారు. కోనసీమ కుర్రాడు అక్కడ చిక్కుకుంటే స్పానిష్ మాట్లాడే ఆ దేశంలో అతని కేసు ఎవరిది? అమెరికా ‘మా దగ్గర లేడు’ అంటుంది, పనామా ‘మేం దారి మాత్రమే’ అంటుంది.

కాబట్టి ఏజెంటుని ‘ఎంత’ అని కాదు, ‘ఏ ఏ దేశాల మీదుగా, ఒక్కో చోట ఏ వీసా మీద’ అని అడగండి. కాగితం మీద రాసివ్వమనండి. రాయనంటే అక్కడితో లేచి రండి.

మన దేశం కూడా తలుపులు వేస్తుందా?

వేస్తుంది. 1983 నాటి వలసల చట్టం ప్రకారం, పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వయర్డ్) కోవలోది. అలాంటివాళ్ళు పనికోసం కువైట్, సౌదీ, ఒమన్, మలేషియా లాంటి 18 దేశాలకి వెళ్ళాలంటే ముందు ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్ళే ఈసీఆర్ ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలి, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థ ద్వారానే వెళ్ళాలి. నిబంధన ఉద్దేశం రక్షణే. జరిగేది వేరు. ఖద్దామా (గల్ఫ్‌లో ఇంటిపని మనిషి) పనికి తొందరపడే వాళ్ళని దళారి దుబాయ్ విజిట్ వీసా మీద ఎక్కిస్తాడు, అక్కడి నుంచి రోడ్డు మీద ఒమన్‌కి దాటిస్తాడు. ఇలా వెళ్ళిన మనిషి ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ సైటు లెక్కల్లో లేదు, బీమా లేదు, ఒప్పందం లేదు. అక్కడ జీతం ఎగ్గొడితే ఎంబసీ మొదట వెతకాల్సింది అసలు ఆమె ఆ దేశానికి ఎలా వచ్చిందన్నది.

ఇటు, వెనక్కి పంపే వాళ్ళని త్వరగా తీసుకుంటామని భారత్ బ్రిటన్‌తో 2021లో, జర్మనీతో 2022లో ఒప్పందాలు చేసుకుంది. చదువుకీ ఉద్యోగాలకీ వీసాలు పెంచడం అందులో మనకి వచ్చే వాటా.

యానాం వాళ్ళకి ఫ్రాన్స్ వీసా అక్కర్లేదట, నిజమా?

యానాంలో పుట్టడం వల్ల కాదు. ఫ్రెంచి వాళ్ళ దగ్గరి నుంచి యానాం మనకి వచ్చాక, ఒప్పందం అమల్లోకి వచ్చిన 1962 ఆగస్టు నుంచి ఆరు నెలల్లో రాసిచ్చి ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకునే వీలిచ్చారు. అలా ఉంచుకున్న వాళ్ళకీ, వాళ్ళ ద్వారా పౌరసత్వం వచ్చిన వాళ్ళకీ మాత్రమే వీసా అక్కర్లేదు. గోదావరి ఒకటే, పాస్‌పోర్టే వేరు.

మధ్య దేశంలో పట్టుబడితే మొదట ఏం చేయాలి?

పాస్‌పోర్టు చింపకండి, పారేయకండి. ‘పాస్‌పోర్టు లేకపోతే పంపలేరు’ అని దళారి చెబుతాడు. పంపలేకపోతే వదిలేస్తారని కాదు, తేలేదాకా లోపలే ఉంచుతారని అర్థం. అప్పుడు ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్ళు ఇంటికి రావడానికి ఎంబసీ ఇచ్చే కాగితం) ఇవ్వడానికి మీరు భారతీయులేనా అని ఊరి దాకా వాకబు వస్తుంది. పాస్‌పోర్టులో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకోలా, ఊరు పాత జిల్లా పేరుతో ఉంటే ఆ వాకబు నెలలు సాగుతుంది. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా విడిపోయాక ఈ తికమక పెరిగింది. ఇంట్లో పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల జెరాక్సు, ఫోన్లో ఫోటో ఉంచండి.

భారత ఎంబసీకి తెలపమని అడిగే హక్కు ఉంది, వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం అదే. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి, దుబాసీని అడగండి. ఇంటివాళ్ళు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 1800 11 3090కి ఫోను చేయొచ్చు, విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు.

ఏజెంటు అసలువాడా కాదా ఎలా తేల్చుకోవాలి?

ఈమైగ్రేట్ సైటులో రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితాలో అతని లైసెన్సు నంబరు కొట్టి చూడండి. పేరు, చిరునామా, లైసెన్సు గడువు మూడూ కలవాలి. ‘హైదరాబాద్ ఆఫీసు లైసెన్సు మీద ఇక్కడ పని చేస్తున్నాను’ అనే సబ్ ఏజెంటుకి చట్టంలో చోటు లేదు. లైసెన్సున్న ఏజెంటు తన సర్వీసు చార్జీగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ కన్నా ఎక్కువ తీసుకోకూడదు. తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. రెండు లక్షలు అడిగి 30 వేలకే రసీదు ఇస్తే, ఆ మిగతా డబ్బుకి రేపు ఏ పోలీసు స్టేషన్లోనూ రుజువు ఉండదు. బ్యాంకులోనో ఫోన్‌పేలోనో వేయండి, ఏజెన్సీ ఖాతాకే వేయండి, అతని బావమరిది నంబరుకి కాదు.

ఈసీఆర్ వాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375, ప్రమాద మరణానికి పది లక్షలు. ఆ పాలసీ కాగితం చూపించమనండి. ఆ 275 రూపాయలకే వెనకాడేవాడు మిమ్మల్ని విజిట్ వీసా మీద పంపుతున్నాడేమో, వీసా కాగితంలో ‘ఎంప్లాయ్‌మెంట్’ అన్న మాట ఉందో లేదో విమానం ఎక్కే ముందు కాదు, ఇంట్లో కూర్చుని చదివించుకోండి.